మొదట బోనులోకి దిగేది నేనే

చన్నీళ్లలోకి దిగిన ప్రతి మనిషీ రబ్బరు సూట్లోనే ఉచ్చ పోసేస్తాడు. డాక్టర్లు, జడ్జీలు, పెళ్లయి వారం తిరగని జంటలు, దేవుడి మాట తప్ప ఇంకో మాట ఎత్తని పాస్టర్లు, ఎవరికీ మినహాయింపు లేదు. ఒడ్డుకొచ్చాక ఒక్కరూ ఒప్పుకోరు. నాకు మాత్రం తెలుసు. వాళ్లు విప్పి కుప్పేసిన సూట్లని తిరగేసి, మందు కలిపిన నీళ్లతొట్టిలో ముంచి, చంకల దగ్గరా కాళ్ల మధ్యా బ్రష్షుతో రుద్ది తాడు మీద ఆరేసేది నేనే కదా. రోజుకి ఇరవై రెండు సూట్లు. గాలి అనుకూలిస్తే రెండు ట్రిప్పులు, అప్పుడు నలభై నాలుగు. మొదటి ఏడాది వాసనకి బాధపడ్డాను. ఆ తరవాత ముక్కు దాని మానాన అది ఊరుకుంది. వేళ్లూ అంతే. మొన్న సూప్‌లోకి ఉల్లిపాయలు తరుగుతుంటే పలక ఎర్రబడింది. ఎవరి రక్తమా అని చూస్తే నాదే. గుడ్డ చుట్టుకుని మిగతా ఉల్లిపాయలు తరిగేశాను.

నా పేరు ఫ్రాన్సీనా. మా ఆయన ఈజాక్ సరంగు. దక్షిణాఫ్రికా కొసన క్లైన్‌బాయ్ రేవు నుంచి టూరిస్టుల్ని ఎక్కించుకెళ్లి తెల్లసొరల్ని చూపించే పడవ నడుపుతాడు. పడవ పక్కన ఇనప బోను కడతారు, మనుషులు అందులోకి దిగుతారు, తూర చేప తలకాయని తాడుకి కట్టి నీళ్లలో ఆడిస్తే సొర వస్తుంది. వచ్చినప్పుడు పైనుంచి ఈజాక్ "కిందికి! ఎడమకి!" అని అరుస్తాడు, బోనులో వాళ్లు ఊపిరి బిగబట్టి తలలు ముంచుతారు. ఇంట్లో కూడా ఆయన మాటతీరు అదే. ఉప్పు కావాలన్నా, చెప్పులు కనపడకపోయినా ఎడమకీ కుడికీ అని అరుస్తాడు, నేను వంగి తీసిస్తాను.

పడవ కాగితాల్లో సిబ్బంది ఐదుగురే. నేను ఆరోదాన్ని. లైసెన్సులో ఆరో మనిషికి చోటు లేదు కాబట్టి రోజూ నన్ను ప్రయాణికుల జాబితాలో రాస్తారు. తెల్లారకముందే లేచి సూప్ కాచి, రొట్టెలు కోసి, కుళ్లిన కవళ్ల చేపల్ని చేపనూనెలో కలిపి ఎర తొట్టి నింపి, వాంతులు చేసుకునేవాళ్లకి బకెట్లు పట్టి, వాటిని కడిగి, సూట్లు ఉతికే ప్రయాణికురాలిని. యజమాని కేప్‌టౌన్‌లో ఉంటాడు. వచ్చినప్పుడల్లా "ఈజాక్‌ని పెట్టుకుంటే ఇద్దరొచ్చినట్టే" అని అందరి ముందూ మెచ్చుకుంటాడు. ఒక జీతానికి ఇద్దరు అని పూర్తిగా అనడు, ఆ ముక్క నేనే కలుపుకుంటాను. ఒకసారి, చాలా ఏళ్ల కిందట, నాకూ ఏదైనా ఇస్తారేమో అడగమని ఈజాక్‌తో అన్నాను. "ఇంటిమనిషికి జీతం ఏంటే? రేపు అన్నం వండినందుకు కూడా అడుగుతావా?" అన్నాడు. మా అత్తగారు పక్కనే ఉన్నారు. ఇంట్లో అందరం ఆవిణ్ని ఊమా అంటాం. ఆవిడ స్నూక్ చేపకి ఉప్పు రాస్తూ, తల ఎత్తకుండా, "మా కాలంలో ఆడది పడవ ఎక్కితేనే వలలు చిరుగుతాయనేవాళ్లు. ఎక్కనిచ్చారు, అదే పదివేలు" అన్నారు. తల్లీకొడుకులు నవ్వుకున్నారు. నేనూ నవ్వాననే గుర్తు.

అయితే నా అసలు పని వేరే ఉంది. టూరిస్టులు అంత డబ్బు పోసి వస్తారా, తీరా బోను చూశాక వెనకడుగు వేస్తారు. ముందు నువ్వంటే నువ్వని ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు. వాళ్ల భయం తీర్చడానికి మొదట నన్ను దింపుతారు. ఎవరి ఆలోచనో గాని మొదటి సీజన్‌లోనే మొదలైంది. నేను సూటు తొడుక్కుని, నడుముకి సీసం గుళ్ల బెల్టు కట్టుకుని, బోను అంచున కూచుని ఉండగా ఈజాక్ గొంతు సవరించుకుంటాడు. "అమ్మలారా అయ్యలారా, ఈవిడ నా పెళ్లాం. పన్నెండేళ్లుగా రోజూ సొరలకి అప్పజెప్తున్నాను. రోజూ తిప్పి పంపించేస్తున్నాయి!" అందరూ నవ్వుతారు. జర్మన్లు ఒకలా, మా దేశం వాళ్లు ఒకలా, చైనా వాళ్లు ఎవరో అనువదించి చెప్పాక ఇంకోలా. ఏడాదికి రెండొందల ట్రిప్పులనుకున్నా ఆ జోకు రెండువేల నాలుగొందలసార్లు విన్నాను. ఒకసారి ఒక ముసలావిడ నవ్వలేదు, నా వంక చూసింది. ఆవిడ చూపుకి ఏం చెయ్యాలో తెలియక మాస్కు పెట్టేసుకుని నీళ్లలోకి జారిపోయాను.

నీళ్లు పన్నెండు డిగ్రీలు. మొదటి నిమిషం పళ్లు కొట్టుకుంటాయి, రెండో నిమిషం చర్మం మంట, ఆ తరవాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం నాకు అలవాటైంది. ఒడ్డుకొచ్చి వేడి సూప్ తాగినా, స్టవ్ పక్కన కూచున్నా అది పోదు. పెళ్లయిన కొత్తలో ఈజాక్ నా చేతులు తన స్వెట్టర్‌లోకి లాక్కుని కడుపుకి ఆనించుకునేవాడు. "చచ్చిన చేపలా ఉన్నావే" అని నవ్వేవాడు. ఎప్పుడు మానేశాడో తెలియదు. మానేసినట్టు కూడా నాకు చాలాకాలానికి గాని తట్టలేదు.

తెల్లసొరలు పోవడం మా కళ్ల ముందే జరిగింది. రెండు ఓర్కా తిమింగలాలు వచ్చి ఈ నీళ్లలో మకాం పెట్టాయి. ఒకదాని తరవాత ఒకటి చచ్చిన సొరలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. పెద్ద పెద్దవి, నాలుగు మీటర్లవి. ఛాతీ దగ్గర చీల్చి, కాలేయం ఒక్కటి తినేసి, మిగతాదంతా ముట్టుకోకుండా వదిలేశాయి. మొదటిది కొట్టుకొచ్చిన రోజు ఈజాక్ ఇసకలో మోకాళ్ల మీద కూచుని ఏడ్చాడు. ఇరవై ఏళ్లుగా వాటి రెక్కల మీది గాట్లు చూసి ఏది ఏదో గుర్తుపట్టేవాడు, పేర్లు పెట్టుకునేవాడు. అది నిజం, ఆయన్ని తక్కువ చెయ్యను. ఊళ్లో మగవాళ్లంతా చుట్టూ చేరి భుజం తట్టారు. నేను ఇంటికెళ్లి పదిమందికి కాఫీ పెట్టి తెచ్చాను. కప్పులు అందిస్తూ ఆ సొర చీలిక వైపు చూశాను. జాలి కలగాలి కదా అనుకున్నాను. కలగలేదు. చక్కెర ఎవరికి వద్దన్నారో గుర్తు చేసుకుంటూ ఉండిపోయాను.

ఆ తరవాత మిగిలిన సొరలు కూడా ఎటో వెళ్లిపోయాయి. వారాలు గడిచినా బోను చుట్టూ ఖాళీ నీళ్లే. మా పడవ టికెట్ మీద ఒక మాట రాసి ఉంటుంది: తెల్లసొర కనపడకపోతే ఇంకో ట్రిప్పు ఉచితం. సిబ్బందిలో గాని, బోనులో దిగినవాళ్లలో గాని ఒక్కరికి కనపడినా చాలు, ట్రిప్పు చెల్లినట్టే. రెండేళ్ల కిందట జూన్ నెలలో ఒకరోజు, వారంలో నాలుగో ఖాళీ ట్రిప్పు అది, ఒక బెల్జియం పెద్దాయన పడవ మధ్యలో నిలబడి డబ్బు వాపసు ఇవ్వమని కేకలు వేస్తున్నాడు. ఆ రోజు అందరూ దిగి ఎక్కేశాక, చివరి ప్రయత్నంగా నన్ను మళ్లీ దింపారు. పది నిమిషాలుండి పైకొచ్చాను. ఈజాక్ నా చెయ్యి పట్టి లాగుతూ, అందరికీ వినపడేట్టు, "ఫ్రాన్సీ, చూశావు కదూ?" అన్నాడు. నా మణికట్టు మీద ఆయన పట్టు బిగిసింది. "ఆ" అన్నాను.

అంతే. పెద్ద పాపం చేస్తున్నట్టేమీ అనిపించలేదు. ఎన్నిటికి ఆ అనలేదు గనక? చర్చిలో పాస్టర్ అడిగితే ఆ. కూర బాగా కుదిరిందా అని ఊమా తన వంట గురించి అడిగితే ఆ. నీకేం ఇబ్బంది లేదు కదా అని యజమాని అడిగితే ఆ. దీపం ఆర్పాక పక్కమీద, నిద్రపోయావా అని అడగడం కూడా మానేసిన మనిషికి, అడక్కుండానే ఆ. ఈ ఆ కూడా వాటి పక్కనే ఇమిడిపోయింది. బెల్జియం పెద్దాయన కళ్లు పెద్దవి చేసుకుని నా దగ్గరికొచ్చాడు. "ఎంత పొడుగుంది? ఎటు పోయింది?" మూడున్నర మీటర్లు అన్నాను. ఆడది అన్నాను. ఎడమ మొప్పల కింద పాత గాయం, వీపు రెక్క చివర చిరిగి ఉంది అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ సాయంత్రం ఈజాక్ సూప్ రెండుసార్లు పోయించుకున్నాడు.

ఆ తరవాత అది మామూలైపోయింది. ఖాళీ ట్రిప్పుల్లో రెండు వారాలకొకటో మూడు వారాలకొకటో, మరీ ఎక్కువ కాకుండా, ఆయన కళ్లతో అడుగుతాడు, నేను ఆ అంటాను. వర్ణన మార్చితే పట్టుబడతామని ఎప్పుడూ అదే గాయం, అదే చిరిగిన రెక్క చెప్పేదాన్ని. చూసిన ప్రతి సొరనీ లాగ్ షీటులో ఎక్కించాలి, అది సముద్ర పరిశోధన వాళ్లకి వెళ్తుంది. తేదీ, జాతి, పొడవు, గుర్తులు, చూసినవారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ షీట్లన్నీ నేనే నింపుతాను. చూసినవారి గడిలో మాత్రం సిబ్బంది పేరే ఉండాలి, ప్రయాణికుల పేరు పనికిరాదు. అందుకని అక్కడ ఈజాక్ ఫోర్టూయిన్ అని రాసి ఆయన ముందు పెడతాను. ఆయన సంతకం చేస్తాడు. ఇంత కాలంలో నలభై ఒక్క షీట్లు అలా వెళ్లాయి. ఎందుకు వెళ్తున్నాయి, ఎవరు చదువుతారు అని నేను ఒక్కసారీ అనుకోలేదు. సూట్లు ఆరాయా లేదా అని చూసుకోవడానికే పొద్దు సరిపోయేది.

చదివే మనిషి ఈ సోమవారం మా వంటగదికి వచ్చింది. నోమవేతు అని, ఈస్టర్న్ కేప్ పిల్ల, సొరల మీద పరిశోధన చేస్తుంది. తీరిక దొరికితే బక్కచిక్కిన పెంగ్విన్లకి తిండి పెట్టే చోట కూడా పనిచేస్తుందట. చేతులనిండా అవి పొడిచిన గాట్లు. సూప్ గిన్నె ముందు పెడితే వేడి కూడా చూడకుండా తాగేసింది.

"ఆంటీ, అంకుల్‌కి థాంక్స్ చెబుదామని వచ్చాను. ఆయన కళ్లే లేకపోతే నేనీపాటికి మూటా ముల్లే సర్దుకుని మా ఊరెళ్లిపోయేదాన్ని" అంది.

"ఎందుకమ్మా?"

"ఈ తీరం మీద ఇంకే పడవకీ తెల్లసొర కనపడట్లేదు కదా. మీ పడవకి ఒక్కదానికే. అదీ ఒక్కటే సొర, ప్రతిసారీ అదే. ఎడమ మొప్పల కింద గాయం, రెక్క చివర చిరుగు. ఆ ఓర్కాల మధ్య రెండేళ్లుగా ఒంటరిగా తట్టుకుని ఉందంటే ఎంత గట్టి ప్రాణమో చూడండి. నేను దానికి పేరు కూడా పెట్టాను." పిల్ల సిగ్గుపడింది. "కొత్త సొర ఎవరి కంట మొదట పడితే వాళ్ల పేరు పెట్టడం మాలో ఆనవాయితీ. ఈజాక్ అంకుల్ చూశారు, అది ఆడది. అందుకని ఈజాబెల్."

నా అబద్ధానికి కూడా మొగుడి పేరే పెట్టారు. ఆ మాట లోపల వినపడింది, నవ్వొస్తుందేమో అని చూశాను. రాలేదు. రొట్టె ఇంకో ముక్క కోసి ఆ పిల్ల ముందు పెట్టాను.

ఆ తరవాత అసలు సంగతి చెప్పింది. పొడుగాటి తాళ్లకి వందల గాలాలు కట్టి చిన్న సొరల్ని పట్టే పడవలు కొన్ని మా అఖాతంలోకి రావడానికి అనుమతి అడుగుతున్నాయట. శుక్రవారం పై ఆఫీసులో తేలుతుందట. "ఏడాదికి ఐదుసార్లు కూడా తెల్లసొర కనపడని చోట గాలం పడవల్ని రానివ్వకూడదని రూలుంది, ఆంటీ. పెద్దవి లేవంటే సముద్రం దెబ్బతిన్నట్టు లెక్క. కానీ మీ షీట్లు ఉన్నాయిగా. రెండు మూడు వారాలకోసారి కనపడుతోంది, ఇంకేం ఢోకా అంటున్నారు ఆ పడవల వాళ్లు. నేను కాదనలేను. నేనూ ఈజాబెల్‌ని నమ్మినదాన్నే కదా."

"మరి ఆ పడవలొస్తే?"

"చిన్న సొరలు పోతాయి. పెద్దవి తినేది వాటినే. ఎప్పటికైనా తిరిగొద్దామన్నా వాటికి ఇక్కడ తిండి ఉండదు." గిన్నె అడుగున మిగిలిన సూప్‌ని రొట్టెతో తుడిచింది. "ఒక్కటే దారి. గురువారం మీ పడవలో వస్తాను. ఈజాబెల్ కనపడితే దాని ఆచూకీ చెప్పే ట్యాగ్ వేస్తాను. అదెక్కడెక్కడ తిరుగుతుందో తేలేదాకా కనీసం ఆ మేరైనా వదిలెయ్యమని అడుగుతాను. మూడు వారాలుగా దాని కోసమే తిరుగుతున్నాను, ఆంటీ. నాకు కలలోకి కూడా వస్తోంది."

ఆ పిల్ల వెళ్లాక గిన్నె కడిగాను. కడిగిందే మళ్లీ కడిగాను. నేనింతకాలం అబద్ధం గాల్లో కలిసిపోతుందనుకున్నాను, ఉచ్చ నీళ్లలో కలిసినట్టు. అది వెళ్లి ఒక పిల్ల కలలో కూచుంది. ఇంకొందరి చేతుల్లో కాగితమై సముద్రం తలుపు తీయబోతోంది. బాధ కలిగిందా అంటే చెప్పలేను. తిమ్మిరెక్కిన కాలు ఎక్కడో తగిలితే తగిలిందని తెలుస్తుంది గాని నొప్పి తెలియదు చూడండి, అలా తెలిసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈజాక్‌తో అన్నాను. "ఆ పిల్లకి చెప్పేద్దాం."

"ఏం చెప్పేద్దాం?"

"ఈజాబెల్ లేదని."

ఆయన స్నూక్ ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "చూశానన్నది ఎవరు, ఫ్రాన్సీ?" అన్నాడు.

నేను బంగాళాదుంపల గిన్నె ఊమా వైపు జరిపాను.

"నువ్వు చూశానన్నావు. నేను నమ్మి సంతకం పెట్టాను. మొగుడన్నాక పెళ్లాం మాట నమ్మడం తప్పా? నువ్వు పైకొచ్చి లేదని ఉంటే లేదనే రాసేవాణ్ని కదా. మరి అబద్ధం ఎవరిదంటావ్?"

"నువ్వే కదా అడిగింది, అందరి ముందూ..."

"అడిగాను. అడగడం నేరమా?" మంచినీళ్లు తాగాడు. "సరే, చెప్పు. వెళ్లి చెప్పు. నా సరంగు లైసెన్సు లాగేసుకుంటారు. యాభై రెండేళ్ల వయసులో నన్ను ఇంకెవడు పడవ ఎక్కిస్తాడు? నీకేం, నీ పేరు ఏ కాగితం మీదుంది గనక? నువ్వు ప్రయాణికురాలివి."

ఊమా అంతవరకూ పళ్లు లేని నోటితో నెమ్మదిగా నములుతున్నారు. మింగాక అన్నారు, "మొగుడి నోటి ముందు రొట్టె లాగేసే ఆడదాన్ని సముద్రం కూడా ఉంచుకోదు, పిల్లా." ఆ తరవాత ఇంకొంచెం బంగాళాదుంప వెయ్యమన్నారు. వేశాను. ఈజాక్ చెప్పిన దాంట్లో అబద్ధం ఎక్కడుందో వెతుక్కుంటూ పళ్లేలు తీశాను. దొరకలేదు. నిజమే, అన్నది నేనే. ప్రతిసారీ నా నోటితోనే అన్నాను. ఆయన అడిగిన తీరు మాత్రం ఏ షీటులోనూ లేదు. మణికట్టు మీద బిగిసిన పట్టుకి అక్కడ గడి లేదు.

మంగళవారం, బుధవారం గాలి. పడవలు కదల్లేదు. ఆ రెండు రోజులూ సూట్లకి పడిన చిల్లులు అంటించాను. ఆయన లైసెన్సు పోతే ఏమవుతుందో పూర్తిగా ఊహించి చూసుకున్నాను: ఈజాక్ ఇంట్లో కూచోవడం, ఊమా మందులు, నేను మళ్లీ చేపల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడటం. భయమెయ్యాలి. భయం కూడా రాలేదు. నాలో ఏదో ఒకటి కదిలితే దాన్ని పట్టుకుని ఏదో ఒకటి చేసేదాన్ని. ఏదీ కదల్లేదు.

గురువారం పొద్దున సముద్రం పడుకుంది. ట్రాక్టరు పడవని నీళ్లలోకి తోసింది. జోహన్నెస్‌బర్గ్ నుంచి వచ్చిన ఆఫీసు బృందం ఒకటి, ఒక డచ్చి జంట, వెనక బెంచీ మీద నోమవేతు. పొడుగాటి కర్ర చివర ట్యాగ్ బిగించుకుని, చంటిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూచుంది. నన్ను చూసి బొటనవేలు ఎత్తింది. లంగరు వేశారు. ఎర పోశాను. నూనె తెట్టు నీళ్ల మీద జిడ్డు దారిలా సాగి పోయింది. గంట గడిచింది, గంటన్నర గడిచింది, సముద్రపు కాకులు తప్ప ఏమీ రాలేదు. ఆఫీసు బృందంలో ఒకాయన గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. ఈజాక్ నా వైపు చూసి తల ఊపాడు. ఇక మొదలుపెడదామని.

సూటు తొడుక్కున్నాను. బెల్టు బిగించాను. బోను అంచున కూచున్నాను. "అమ్మలారా అయ్యలారా..." అని వెనక ఆయన గొంతు అందుకుంది. కింద దిగాక ఏం చెయ్యాలో, పైకొచ్చి ఏం చెప్పాలో నేను నిర్ణయించుకోలేదు. నిర్ణయించుకున్నానని చెప్తే నాకు గౌరవంగా ఉంటుంది గాని, నిజం అది కాదు. అలవాటు ప్రకారం నోరు ఆ అనేసేదే. "...రోజూ తిప్పి పంపించేస్తున్నాయి!" నవ్వులు. నేను జారిపోయాను.

నీళ్లు ఆకుపచ్చగా, మసగ్గా ఉన్నాయి. చెయ్యి చాపితే అవతల వేళ్లు కనపడతాయి, ఆపైన ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి కింది కడ్డీ పట్టుకుని ఉండిపోయాను. పైన నవ్వులు ఇంకా సాగుతున్నట్టున్నాయి, పడవ అడుగు గుండా గుడగుడమని వినపడుతోంది.

అది పడవ కిందనుంచి వచ్చింది. ఎర వైపు చూడను కూడా చూడలేదు. మొదట నీళ్లే చిక్కబడ్డాయనుకున్నాను. తరవాత ఆ చిక్కదనానికి ఒక ముక్కు వచ్చింది, తెల్లటి పొట్ట వచ్చింది. చిన్నది. రెండున్నర మీటర్లు కూడా ఉండదు, ఇంకా పిల్ల. మొప్పల కింద గాయం లేదు. రెక్క అంచు కొత్త కత్తిలా శుభ్రంగా ఉంది, ఒక్క గాటూ లేదు, ఇంతవరకూ ఏ ఫోటోలోనూ పడి ఉండదు. బోను కడ్డీలకి మూరెడు దూరంలో, తొందర లేకుండా, నా పక్కగా వెళ్లింది. తెల్లసొర కన్ను నల్లగా ఉంటుందనుకుంటారు. దగ్గరగా చూస్తే ముదురు నీలం. ఆ నీలం నా మీద తిరిగింది. నేనెవరో దానికి అక్కర్లేదు, నేను చేసిన పనులూ అక్కర్లేదు, అయినా చూసింది. తోక ఒక్కసారి విదిల్చి మసకలోకి వెళ్లిపోయింది.

అప్పుడు నాకు చలేసింది.

ఎముకల్లోకి చలేసింది. వేళ్లు నొప్పి పుట్టాయి, ఒక్కొక్క వేలూ విడివిడిగా, మొన్న తెగిన వేలైతే నిప్పు పెట్టినట్టు మండింది. మాస్కులో కళ్లు నిండిపోయి ఏమీ కనపడలేదు. సంతోషమో దుఃఖమో నాకు తెలియదు, ఆ రెండిటి రుచీ మర్చిపోయి చాలాకాలమైంది. ఊపిరి అయిపోయి తల పైకెత్తాను. ఎంత గట్టిగా వణుకుతున్నానంటే నిచ్చెన మెట్టు అందలేదు.

ఈజాక్ వంగి నా మణికట్టు పట్టుకున్నాడు. పై నుంచి ఎవరూ ఏమీ చూడలేదని వాళ్ల మొహాలే చెప్తున్నాయి. అందరూ ఇటే తిరిగి ఉన్నారు. నోమవేతు కర్ర పట్టుకుని లేచి నిలబడింది. లాగ్ షీటు అట్టకి బిగించి సిద్ధంగా ఉంది, చూసినవారి గడిలో పొద్దున్నే నేను నింపి పెట్టిన ఈజాక్ పేరుతో సహా.

"ఏమే, వచ్చిందా మన ఈజాబెల్?" అన్నాడు ఈజాక్, అందరికీ వినపడేట్టు. పట్టు బిగిసింది. ఈసారి ఆ పట్టు నాకు నొప్పి పెట్టింది. "చూశావు కదూ?"

చూశాను. ఇప్పుడు ఆ అంటే అది నిజమే. ఇంతకాలంలో మొదటి నిజం. కానీ ఆ అన్నానంటే ఇది కూడా వెళ్లి ఆ నలభై ఒక్కటి పక్కనే చేరుతుంది. నలభై రెండోది అవుతుంది. ఈ పిల్ల సొరకి కూడా లేని గాయం అంటగడతారు, ఆయన పేరు తగిలిస్తారు, దీన్ని చూపించే రేపు గాలం పడవలకి తలుపు తెరుస్తారు. లేదు అంటే నా కళ్లెదురుగా నిజంగా వచ్చిన దాన్ని నేనే చంపేసినట్టు. దాని నీలం కన్ను ఇంకా నా మీదే ఉన్నట్టుంది. ఆయన వేళ్లని నా మణికట్టు మీదనుంచి ఒక్కొక్కటీ విప్పుకున్నాను. విప్పుతుంటే ఆయన ఆశ్చర్యంగా చూశాడు, ఆపలేదు. పడవ అంచు పట్టుకుని, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, మాట తడబడకుండా ఉండటానికి నోమవేతు ఒక్కదాని మొహమే చూశాను.

"ఈజాబెల్ కాదమ్మా. ఈజాబెల్ అన్నదే లేదు. ఆ గడిలో పేరు కొట్టేసి ఫ్రాన్సీనా అని రాసుకో. పిల్ల సొర, ఒంటి మీద గాయం లేదు. ఇవాళ చూశాను. ఇవాళ ఒక్కరోజే."